మూడో ఇన్నింగ్స్‌లో జారిన అంకె

హ్యూస్టన్. 2018 సెప్టెంబర్ 2, ఆదివారం రాత్రి. మినిట్ మెయిడ్ పార్క్‌లో మూడో బేస్ వైపు, కింది వరసల్లో మీ సీటు. ఎడమ పక్క గోడ మీద నిజం పట్టాలు, పట్టాల మీద పాతకాలపు రైలింజను, దాని వెనక పెట్టెలో పెద్ద పెద్ద నారింజ పళ్ల బొమ్మలు. ఇక్కడ ఒకప్పుడు యూనియన్ స్టేషన్ ఉండేది. సొంత జట్టు ఆస్ట్రోస్ వాళ్లు హోమ్ రన్ కొడితే ఆ రైలు కూత పెట్టి కదులుతుందట. మీరింకా దాన్నే చూస్తున్నారు. మిమ్మల్ని ఇక్కడికి లాక్కొచ్చిన బావమరిది మోచేత్తో పొడిచాడు.

"బావా, రైలు ఎక్కడికీ పోదు గానీ, అటు చూడండి. బంతిని కాదు. బంతి పడ్డాక బోర్డు మీద వచ్చే అంకెని చూడండి."

మైదానం మధ్యలో కాస్త ఎత్తు చేసిన మట్టి దిబ్బ. దాన్ని మౌండ్ అంటారు. దాని మీద 17 నంబరు చొక్కా వేసుకున్న పొడుగాటి కుర్రాడు. షోహెయ్ ఓటానీ, జపాన్ నుంచి వచ్చి ఏడాది కాలేదు. లాస్ ఏంజెలెస్ యాంజెల్స్ తరఫున బంతీ విసురుతాడు, బ్యాటూ పడతాడు. పాతకాలపు దిగ్గజం బేబ్ రూత్ కాలం తర్వాత ఈ స్థాయిలో రెండూ చేసినవాడు లేడని ఇక్కడి పత్రికలు ఏప్రిల్ నుంచీ రాస్తూనే ఉన్నాయి. జూన్‌లో కుడి మోచేతి లిగమెంట్ కొంత చిరిగిందన్నారు. సర్జరీ లేకుండా, అతని రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్లతోనూ మూలకణాలతోనూ ఇంజెక్షన్ ఇచ్చారు. జులైలో బ్యాటర్‌గా తిరిగొచ్చాడు. మ్యాచ్‌లో బంతి పట్టడం మాత్రం దాదాపు మూడు నెలల తర్వాత ఇవాళే.

చెయ్యి వెనక్కి వెళ్లింది. భుజం దగ్గర తిరిగి, ముంజేయి దాదాపు నేలకు సమాంతరంగా వెనక్కి వాలిపోయింది. ఆ క్షణంలో ఫొటో తీస్తే చెయ్యి విరిగిపోయిందనే అనుకుంటారు. మీరు రెప్ప వేసేలోపు బంతి క్యాచర్ గ్లవ్‌లో చప్పుడు చేసింది. బోర్డు మీద అంకె: 99.

మైళ్లలో అది. మన లెక్కలో గంటకు 159 కిలోమీటర్ల పైమాట. 2003 ప్రపంచ కప్‌లో షోయబ్ అఖ్తర్ 161 దాటించిన ఆ ఒక్క బంతి గురించి మన వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ కుర్రాడికి అది ఆదివారం తొలి ఇన్నింగ్స్ పని. అదీ పరుగెత్తుకుంటూ రాకుండా, నిలబడ్డ చోటు నుంచి.

నిలబడ్డ చోటు నుంచి అంటున్నాం గదా, అసలు తిరకాసు అక్కడే ఉంది. క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్ పరుగు నుంచి కూడా వేగం తెచ్చుకుంటాడు. చెయ్యి నిటారుగా ఉంచాలి, మోచేయి 15 డిగ్రీలు మించి సాగితే నో బాల్. అందుకే ఆ భారం నడుము మీద పడి, మన వాళ్ల వెన్నుపూసలు బీటలు వారుతుంటాయి. బేస్‌బాల్ పిచర్‌కి మోచేతి మీద ఏ నిబంధనా లేదు. కాలు, తుంటి, మొండెం, భుజం వరసగా తిప్పుకుంటూ వచ్చిన శక్తినంతా మోచేతి గుండా బంతిలోకి పంపిస్తాడు. మోచేతి లోపలి వైపు, ఒంటికి దగ్గరగా ఉండే పక్కన, భుజం ఎముకనూ ముంజేతి ఎముకనూ పట్టి ఉంచే సన్నని పట్టీ ఒకటి ఉంటుంది. అల్నార్ కొలాటరల్ లిగమెంట్ అంటారు. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో గ్లెన్ ఫ్లైసిగ్ బృందం 1995లో ప్రచురించిన కొలతల ప్రకారం పెద్దల స్థాయి పిచర్ మోచేతి మీద ఒక్కో విసురుకి పడే మెలి సుమారు 64 న్యూటన్ మీటర్లు. చనిపోయినవాళ్ల మోచేతులను ప్రయోగశాలలో వంచి చూస్తే ఈ లిగమెంట్ తెగిపోయింది 32 దగ్గర. అంటే లెక్క ప్రకారం ప్రతి బంతికీ తెగిపోవాలి. తెగడం లేదంటే మిగతా సగం భారాన్ని చుట్టూ ఉన్న ముంజేతి కండరాలూ ఎముకల పొందికా మోస్తున్నాయన్నమాట. ఆ కండరాలు అలిసిపోతే వాటి వాటా కూడా లిగమెంట్ నెత్తినే పడుతుంది.

ఇప్పుడు బోర్డు మీద అంకె ఎందుకు చూడమన్నాడో మీకు కొంచెం అర్థమవుతోంది.

మీ బావమరిదికి ఈ పిచ్చి పట్టడానికి కారణం అతని ఉద్యోగం. ఓ చమురు కంపెనీలో పంపుల మీద పని. ప్రతి పంపుకీ అదురు, వేడి, ఒత్తిడి కొలిచే సెన్సార్లు తగిలించి ఉంటాయి. అవి పంపే అంకెల్ని చూసి ఏ పంపు ఎప్పుడు మొరాయిస్తుందో ముందే పట్టుకోవాలి. పిచర్ చెయ్యి కూడా అంతేనంటాడు. స్టేడియంలో రేడార్లూ కెమెరాలూ ఉన్నాయి, ప్రతి బంతికీ వేగం, స్పిన్, బంతి చేతిలోంచి వదిలిన చోటు, గాల్లో ఎంత వంగిందో అంతా రికార్డవుతుంది. 2015 నుంచి స్టాట్‌కాస్ట్ పేరుతో ప్రతి మేజర్ లీగ్ మైదానంలోనూ ఇదే ఏర్పాటు. ఆ లెక్కల్లో చాలా భాగం ఎవరైనా ఇంట్లో కూర్చుని ఉచితంగా దించుకోవచ్చు. "పంపుకి ఇన్ని సెన్సార్లు పెట్టించడానికి నేను ఏడాది పాటు ఫైళ్లు తిప్పాను బావా," అన్నాడు. అతని గొంతులో అసూయ దాగలేదు.

రెండో ఇన్నింగ్స్. ఆస్ట్రోస్ బ్యాటర్ మార్విన్ గొంజాలెజ్ బ్యాట్ నుంచి బంతి నేరుగా మౌండ్ వైపే దూసుకొచ్చింది. ఓటానీ గ్లవ్ లేని కుడిచేత్తో అందుకోబోయాడు. మీ నోట్లోంచి "అయ్యో" అని వచ్చేసింది. బావమరిది తల పట్టుకున్నాడు. "విసిరే చెయ్యి! ఆ చెయ్యి అడ్డం పెడతారా ఎవరైనా?" బంతి ఉంగరపు వేలి మొదట్లో తగిలింది. ఓటానీ చెయ్యి ఒకసారి విదిలించుకుని మళ్లీ మౌండ్ ఎక్కాడు.

మూడో ఇన్నింగ్స్ మొదలైంది. చప్పుడులో మీకేమీ తేడా తెలియలేదు. పాప్‌కార్న్ అమ్మేవాడు మెట్ల మీద మీ ముందే నిలబడి ఉన్నాడు, వాడి వీపు పక్క నుంచి తల వంచి బోర్డు చూశారు. 99 ఉన్న చోట 90ల మొదటి మెట్లలో ఏదో అంకె. వేగం తగ్గించి పక్కకి వంగేలా వేసే స్లైడరేమోనని పొరబడ్డారు.

"ఫాస్ట్‌బాలే," అన్నాడు బావమరిది, మీరు అడక్కముందే.

మరో బంతి. మళ్లీ అంతే. ఇంకోటి, ఇంకా తక్కువ. పక్క వరసలో ఆస్ట్రోస్ చొక్కాల వాళ్లు కేరింతలు కొడుతున్నారు. ఓటానీ ముఖంలో మార్పేమీ లేదు. భుజం ఒకసారి ఎగరేశాడు, టోపీ సర్దుకున్నాడు. అతని ముఖం చూసి చెప్పేవాడెవడైనా ఉంటే వాడు అబద్ధాలాడుతున్నట్టే.

ఎందుకు తగ్గింది? మీరిద్దరూ అక్కడే వాదన మొదలెట్టారు. వేలికి దెబ్బ తగిలింది గదా, పట్టు సరిగా లేదేమోనని మీరు. మూడు నెలల తర్వాత తొలి మ్యాచ్, ఊపిరి చాలడం లేదేమోనని వెనక సీటు పెద్దాయన, ఎవరూ అడక్కుండానే. ఆట అయ్యాక యాంజెల్స్ చెప్పిన కారణాల్లో వెన్ను బిగుసుకోవడం కూడా ఉంది. మూడూ నమ్మదగిన కారణాలే. ఒక్కోటీ విడిగా వేగాన్ని తగ్గించగలదు. బావమరిది మాత్రం ఏమీ అనలేదు. ఫోన్ తీసి ఒక్కో బంతి వేగం వరసగా రాసుకుంటున్నాడు.

కారణం ఏదైనా కిందికి జారేది ఒకే అంకె అన్నదే ఈ మొత్తం వ్యవహారంలో నాకు కనిపించే చిక్కు. వేలు నొప్పికి వేరే రంగు, మోచేతి చిరుగుకు వేరే రంగు ఉండవు.

ఆస్ట్రోస్ బ్యాటర్ జార్జ్ స్ప్రింగర్ బ్యాట్ తిప్పాడు. బంతి కంచె దాటింది, రెండు పరుగులు. గోడ మీది రైలు కూత పెట్టి కదిలింది, జనమంతా లేచి నిలబడ్డారు. కాసేపటికి యాంజెల్స్ మేనేజర్ మైక్ సోషా డగౌట్ లోంచి నడుచుకుంటూ వచ్చి బంతి తీసుకున్నాడు. ఓటానీ తల దించుకుని వెళ్లిపోయాడు. రెండు ఇన్నింగ్స్‌లూ ఒక అవుటూ, 49 బంతులు.

ఆట మధ్యలోనే లేచి బయటకు రావడం మీకు ఇష్టం లేకపోయింది. కానీ అతను కారు తాళాలు అప్పటికే చేతిలో పట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక వంటింటి బల్ల మీద లాప్‌టాప్. బావమరిది భార్య పెరుగన్నం గిన్నె పక్కన పెట్టి, "ఇంకా ఆ జపాన్ అబ్బాయేనా?" అని వెళ్లి పడుకుంది. తెర మీద చుక్కల పటం: అడ్డంగా ఎన్నో బంతి అన్నది, నిలువుగా వేగం. ఎడమ వైపు చుక్కలు పైన గుంపుగా ఉన్నాయి. కుడి వైపుకి వచ్చేసరికి మెట్లు దిగుతున్నట్టు పడిపోయాయి.

"మామూలుగా ఇలా ఉండదు," అని పాత మ్యాచ్‌లు తీశాడు. బాగున్న పిచర్‌కి వేగం తొలి ఇన్నింగ్స్‌ల్లో నిలకడగా ఉంటుంది. కొందరికి వేడెక్కాక పెరుగుతుంది కూడా. వంద బంతుల దగ్గర పడితే కాస్త తగ్గుతుంది, అది అలసట. ఏప్రిల్ చలిలో తక్కువగా ఉండి జులై ఎండల్లో పెరుగుతుంది, దాన్ని గాయంగా పొరబడకూడదు. కాబట్టి ఒక పిచర్‌ని పక్కవాడితో పోల్చి లాభం లేదు. అతన్ని అతనితోనే పోల్చాలి. అదే నెల, అదే ఇన్నింగ్స్, అదే రకం బంతి.

తర్వాత ఇంకో పటం. బంతి చేతిలోంచి వదిలిన చోటు, క్యాచర్ వైపు నుంచి చూసినట్టు. ఒక్కో చుక్క ఒక్కో బంతి. ఆరోగ్యంగా ఉన్నవాడి చుక్కలన్నీ ఒకే చోట ముద్దగా పడతాయి. నొప్పి ఉన్నవాడు తనకే తెలియకుండా చెయ్యి కొంచెం దించుతాడు, లేదా ఒంటికి దగ్గరగా తెచ్చుకుంటాడు. ముద్ద కాస్త విచ్చుకుంటుంది, లేదా మొత్తంగా రెండంగుళాలు పక్కకి జరుగుతుంది. కంటికి ఏమాత్రం తెలియని మార్పు. స్పిన్ తగ్గడం మరో సూచన. నొప్పి పుట్టించే బంతిని పిచర్ మానుకోవడం ఇంకో సూచన: ఎప్పుడూ నాలుగో వంతు స్లైడర్లు వేసేవాడు ఉన్నట్టుండి పదింటికొకటి వేస్తున్నాడంటే వాడు బ్యాటర్‌ని ఏమారుస్తున్నాడా, చేతిని కాపాడుకుంటున్నాడా అని అడగాలి.

"మరి ఇన్ని ఉన్నప్పుడు కంప్యూటర్‌కి చెప్పేస్తే అదే చూసుకుంటుంది కదా," అన్నారు మీరు.

అతను కరెంటు బిల్లు కవరు వెనక్కి తిప్పాడు. "అంకెలు నేను ఊహించి వేస్తున్నా. లెక్క కోసం. వెయ్యి మ్యాచ్‌ల్లో పది మ్యాచ్‌ల తర్వాత మోచేయి పోయిందనుకోండి. నా ప్రోగ్రాం గట్టిది, ఆ పదిలో ఎనిమిదింటిని పట్టుకుంది. మిగతా 990 మ్యాచ్‌ల్లో నూటికి పది సార్లు మాత్రమే ఉత్తినే అరిచింది. ఎన్ని సార్లు అరిచినట్టు?"

మీరు మనసులో లెక్క కట్టారు. తొంభై తొమ్మిదీ, ఎనిమిదీ. నూట ఏడు.

"నూట ఏడు సార్లు పిచర్‌ని ఆపమంటుంది. నిజం ఎనిమిది. మూడోసారికే కోచ్ నా ఫోన్ ఎత్తడు. అసలు ఏ మ్యాచ్‌కీ ఎవడికీ ఏమీ కాదని కళ్లు మూసుకుని చెప్పేవాడు నూటికి 99 సార్లు కరెక్టు. వాడికి ఇంక్రిమెంటు కూడా వస్తుంది."

గాయాల జోస్యం చెప్పే సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కడ ఏ గొప్ప శాతం కనిపించినా నాకు ఆ కవరే గుర్తొస్తుంది. ఎన్నింటిని పట్టుకుందని చెప్పేవాళ్లు ఎన్నిసార్లు ఉత్తినే అరిచిందో చెప్పరు.

ఇంకో లోటు కూడా ఉంది. బోర్డు మీదికి ఎక్కేవి మ్యాచ్ బంతులే. మ్యాచ్‌కి ముందు వార్మప్‌లో, ఇన్నింగ్స్‌కీ ఇన్నింగ్స్‌కీ మధ్య, మ్యాచ్ లేని రోజుల్లో, పిచర్లు సాధన చేసే బుల్‌పెన్‌లో విసిరినవన్నీ మోచేతి ఖాతాలో పడతాయి గానీ మనకు కనిపించే పట్టికలో పడవు. చేతికి తొడుక్కునే, మోచేతి మీద మెలిని అంచనా కట్టే సెన్సార్ స్లీవ్‌ని మ్యాచ్‌ల్లో వాడుకోవడానికి మేజర్ లీగ్ 2016లోనే అనుమతిచ్చింది. కానీ ఆ అంకెలు రేపు జీతం బేరంలో తనకే ఎదురు తిరుగుతాయేమోనని ఆటగాడు జంకితే తప్పు పట్టలేం. భారాన్ని లెక్కకట్టే పద్ధతుల్లో బాగా ప్రచారమైనది, ఈ వారం పనిని గత నాలుగు వారాల సగటుతో భాగించడం. ఆ లెక్కకు పేరు తెచ్చిన తొలి పరిశోధనల్లో ఒకటి క్రికెట్ ఫాస్ట్ బౌలర్ల మీదే, ఆస్ట్రేలియాలో జరిగింది. 2014లో వచ్చింది. తర్వాత దాని గణితం మీదే గట్టి విమర్శలొచ్చాయి. అయినా అందులోని మోటు నిజం ఎవరూ కాదనరు. ఖాళీగా ఉన్న చేతికి ఒక్కసారిగా పని పెంచకూడదు. ఓటానీకి ఆ రాత్రి ముందు నాలుగు వారాల మ్యాచ్ సగటు సున్నా.

సెప్టెంబర్ 5, బుధవారం. మీరింకా హ్యూస్టన్‌లోనే ఉన్నారు. ఎంఆర్‌ఐలో లిగమెంట్‌కి కొత్తగా దెబ్బ కనిపించిందనీ, టామీ జాన్ సర్జరీ చేయించుకోమని డాక్టర్లు చెప్పారనీ యాంజెల్స్ ప్రకటించారు. ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు బావమరిది. గెలిచిన గొంతు కాదు. "బావా, రాత్రి టీవీ పెట్టండి. ఆర్లింగ్టన్‌లో మ్యాచ్ ఉంది. వాడు ఆడుతున్నాడు."

ఆడాడు. బ్యాటర్‌గా. నాలుగు సార్లు బ్యాట్ పట్టి నాలుగు హిట్లు, అందులో రెండు హోమ్ రన్‌లు. మోచేతిలో లిగమెంట్ చిరిగిందని పొద్దున తెలిసినవాడు. మీరు సోఫాలో నోరు తెరుచుకుని చూస్తున్నారు. బావమరిది తల అడ్డంగా ఊపుతున్నాడు.

"మా పంపులతో హాయి," అన్నాడు చివరికి. "పంపుకి ఆడాలని ఉండదు. బాగానే ఉన్నానని బుకాయించదు."

అలబామాలోని ఆ ఫ్లైసిగ్ బృందమే 2006లో ఒక పరిశోధన ప్రచురించింది. భుజం, మోచేయి సర్జరీల దాకా వెళ్లిన కుర్ర పిచర్లనూ, గాయమే ఎరగని కుర్ర పిచర్లనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఏడాదిలో ఎనిమిది నెలలకు పైగా పోటీల్లో బంతి విసిరినవాళ్లకు ముప్పు ఐదు రెట్లు. ఒక్కో మ్యాచ్‌లో 80 బంతులు దాటించేవాళ్లకు సుమారు నాలుగు రెట్లు. చెయ్యి అలిసిపోయాక కూడా తరచుగా విసురుతూ పోయినవాళ్లకు 36 రెట్లు. ఈ మూడో అంకె రేడార్‌లోంచి రాలేదు, కెమెరాలోంచి రాలేదు. అడిగితే కుర్రాళ్లు చెప్పింది. సర్జరీ అయ్యాక గుర్తు చేసుకుని చెప్పిన మాటలకు కొంత తరుగు తీసేసినా, అలసట కన్నా పెద్ద సూచన మరోటి కనిపించదు. అది ఆటగాడికే ముందు తెలుస్తుంది, వాడే దాస్తాడు.

దాచడానికి కారణాలు ఎన్నయినా ఉంటాయి. జట్టులో చోటు, కాంట్రాక్టు, పరువు. ఇంకోటి, సర్జరీ చేయించుకుంటే మళ్లీ రావచ్చన్న ధీమా. 1974 సెప్టెంబర్ 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్ లాస్ ఏంజెలెస్‌లో టామీ జాన్ అనే డాడ్జర్స్ పిచర్ కుడి ముంజేతిలోంచి ఒక స్నాయువు తీసి ఎడమ మోచేతికి కుట్టినప్పుడు, మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒకటన్నారు. టామీ జాన్ 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. తన 288 విజయాల్లో 164 ఆ కుట్టిన చేత్తోనే సాధించాడు. అప్పటి నుంచి ఆ సర్జరీ ఆయన పేరుతోనే చలామణీ అవుతోంది. ఓటానీ 2018 అక్టోబర్ 1న చేయించుకున్నాడు.

2020 ఆగస్టు 2కి రండి. అనాహైమ్‌లో యాంజెల్స్ సొంత మైదానం. కరోనా కాలం, గ్యాలరీల్లో ఒక్క మనిషి లేడు. మీరు విజయవాడలో, బావమరిది హ్యూస్టన్‌లో, ఇద్దరూ ఫోన్లు పట్టుకుని. ఎదురుగా మళ్లీ ఆస్ట్రోసే. రెండో ఇన్నింగ్స్ ఒక్కదానిలోనే ఓటానీ 42 బంతులు విసిరాడు, బంతులు గురి తప్పి బ్యాటర్లకు ఊరికే బేస్ ఇచ్చే నడకల మీద నడకలు ఇచ్చాడు. వేగం 90 దాకా పడిపోయింది. "కుట్టు పోయింది," అని మెసేజ్ పెట్టాడు బావమరిది. కుట్టు పోలేదు. ముంజేతి కండరం బెణికింది, అంతే. ఆ ఏడాది బంతి పట్టలేదు గానీ లిగమెంట్ భద్రంగానే ఉంది. పటం చూస్తే మాత్రం అచ్చం హ్యూస్టన్ రాత్రి పటమే.

తర్వాత మూడేళ్లు ఆ చెయ్యి లోకాన్ని ఏలింది. 2021లో అమెరికన్ లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు.

2023 ఆగస్టులో సూచనలు పటం ఎక్కకముందే మొదలయ్యాయి. నెల మొదట్లో వేళ్లు పట్టేసి మ్యాచ్ మధ్యలో మౌండ్ దిగాడు. ఆ తర్వాత చెయ్యి అలసటగా ఉందని బంతి విసిరే ఒక వంతు తనే అడిగి తప్పించుకున్నాడు. వేళ్లు పట్టేసినప్పుడే స్కానింగ్ చేయిద్దామన్నామనీ, ఆటగాడి తరఫు వాళ్లు అక్కర్లేదన్నారనీ జనరల్ మేనేజర్ పెరీ మినాసియన్ తర్వాత విలేకర్లకు చెప్పాడు. ఆగస్టు 23న సిన్సినాటి రెడ్స్‌తో ఒకే రోజు రెండు మ్యాచ్‌లు. అక్కడ మధ్యాహ్నం, మీకు అర్ధరాత్రి దాటింది. మీరు నిద్రపోయారు. పొద్దున లేచి చూస్తే ఫోన్‌లో బావమరిది మెసేజ్‌లు వరసగా ఉన్నాయి.

"మొదటి ఇన్నింగ్స్‌లో హోమ్ రన్. 44వది!"

"స్పీడు లేదు బావా."

"రెండో ఇన్నింగ్స్ మధ్యలో దిగిపోయాడు. చెయ్యి అలసట అంటున్నారు."

"రెండో మ్యాచ్‌లో బ్యాటింగ్‌కి వచ్చాడు. డబుల్ కొట్టాడు. వీడు మనిషి కాదు."

మీరు కాఫీ పెట్టుకుంటుండగా చివరిది వచ్చింది. "లిగమెంట్ చిరిగింది."

సెప్టెంబర్ 19న రెండో సర్జరీ. ఈసారి అంకె అబద్ధం చెప్పలేదు. కానీ అది నోరు విప్పేసరికి చిరుగు ఎప్పటిదో ఎవరు చెప్పగలరు? మ్యాచ్‌లో వేగం పడిపోవడాన్ని ముందస్తు హెచ్చరిక అనడం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది. చాలాసార్లు అది జరిగిపోయినదాని కబురు. ఇంకో ఇరవై బంతులు విసరకుండా ఆపడానికి పనికొస్తుంది, అదేమీ చిన్న సంగతి కాదు. మొదటి చిరుగును ఆపడానికి మాత్రం పనికిరాదు. దాన్ని ఆపాలంటే పడిపోయిన అంకె దగ్గర కాకుండా ఎక్కిన అంకె దగ్గర నిలదీయాలి. 2008లో మేజర్ లీగ్ ఫాస్ట్‌బాల్ సగటు 91.3 మైళ్లు, 2024లో 94.2. పిచర్లు గాయాల జాబితాకెక్కిన సందర్భాలు 2005లో 212, 2024లో 485. 2024 డిసెంబర్‌లో మేజర్ లీగే ఒక నివేదిక వేసి, వేగం కోసం, మెలితిరిగే బంతుల కోసం, ప్రతి బంతికీ ఒంట్లో శక్తినంతా ధారపోయడం ముఖ్య కారణంగా కనిపిస్తోందని ఒప్పుకుంది. ఒప్పుకుని? వేగంగా విసిరేవాడికే ఉద్యోగం. 99 వేసేవాడిని 94తో సరిపెట్టుకోమని ఏ కోచ్ చెబుతాడు, చెబితే ఏ కుర్రాడు వింటాడు?

మన క్రికెట్‌లోనూ అంతేననుకోండి. 2025 వేసవిలో ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులకు గాను బుమ్రాని మూడింటికే దించారు, 2023లో వెన్ను సర్జరీ అయినవాడు గనక. మన హైదరాబాదు సిరాజ్ ఐదూ ఆడాడు. 185.3 ఓవర్లు వేశాడు, ఓవల్‌లో ఆఖరి రోజు మ్యాచ్ లాగేశాడు. ఆ రోజు పొద్దున సిరాజ్ భారం లెక్కలు తీసి ఇతన్ని కూర్చోబెట్టండి అన్నవాడెవడైనా ఉంటే మీరూ నేనూ కలిసి వాడి ఇంటి మీదికి వెళ్లేవాళ్లం.

అదే వేసవి, జూన్ 16. ఓటానీ ఇప్పుడు డాడ్జర్స్ చొక్కాలో ఉన్నాడు. దాదాపు రెండేళ్ల తర్వాత మౌండ్ ఎక్కుతున్నాడు. ఒక్క ఇన్నింగ్స్ మాత్రమేనని ముందే చెప్పేశారు. పెంచుతూ పోతారు, కొంచెం కొంచెంగా. విజయవాడలో పొద్దున్న, మీరు టిఫిన్ ముందు కూర్చుని ఫోన్‌లో చూస్తున్నారు. ఇడ్లీ చల్లారిపోయింది. చెయ్యి వెనక్కి వాలింది, అదే వాలు. తెర మూలన అంకె వంద దాటింది.

బావమరిదికి మెసేజ్ పెట్టారు: "చూశావా? ఇప్పుడేమంటావు?"

"ఒక్క ఇన్నింగ్స్ చూసి ఏమీ అనలేను బావా. నాలుగో ఇన్నింగ్స్ దాకా వదిలినప్పుడు చెప్తా."

"సరే గానీ, నీ చేతుల్లో ఉంటే ఈ వందలు వెయ్యనిస్తావా? 95కి మించి వెయ్యొద్దని చెప్తావా?"

అవతల టైప్ చేస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి.

"జులై 4 సెలవులకి ఆస్ట్రోస్ వాళ్లు లాస్ ఏంజెలెస్ వెళ్తున్నారు. మూడు మ్యాచ్‌లకీ టికెట్లు కొన్నాను. ఇప్పుడా అడిగేది?"